అందరికంటే ముందు

"షుగరున్నదానివి, పంచదార డబ్బాలో చెయ్యి పెట్టావా?" అన్నారు అత్తయ్య, వంటింటి గుమ్మంలో నిలబడి. నా నోటి నిండా పంచదార. మింగలేను, ఉమ్మలేను. ఒళ్లంతా చెమట, వేళ్లు వణుకుతున్నాయి. దొరికిపోయిన దొంగ వణుకనుకున్నారావిడ. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

సాయంత్రం ఆయనొచ్చి చెప్పులు విప్పుతుండగానే సంగతి చెవిన పడింది. "పాపకి అందకుండా పై అరలో పెట్టాం కదమ్మా డబ్బా. ఇక తల్లికీ అందకుండా ఎక్కడ పెట్టాలో చూడు" అని నవ్వారు. ఏమీ అర్థం కాకపోయినా రెండేళ్ల పాప కూడా నవ్వింది. అది కడుపులో ఉన్నప్పుడు వచ్చిన షుగరు నాది. కాన్పయ్యాక పోతుందన్నారు, పోలేదు. "మా వంశంలో ఎవరికీ లేదు" అని వచ్చినవాళ్లందరికీ అత్తయ్య చెబుతుంటే, పుట్టింటినుంచి దొంగసొత్తు తెచ్చినట్టు తల దించుకునేదాన్ని.

పంచదార తిన్న రోజు షుగరు చూసుకునే మిషన్లో అంకె రెండొందల అరవై దాటేది. మొదట్లో ఉన్నదున్నట్టే ఆస్పత్రివాళ్లిచ్చిన పుస్తకంలో రాశాను. ఆయన దాన్ని నా పరీక్ష మార్కుల్లా పైకి చదివి వినిపించారు. తొమ్మిదితో చదువు మానినదాన్ని, అది గట్టిగానే తగిలింది. ఆ తర్వాత రోజూ నూట ముప్పై అని రాసుకుంటూ పోయాను.

మొన్న పొద్దున పాపకి స్నానం చేయిస్తుంటే మళ్లీ వణుకొచ్చింది. సబ్బు ఒళ్లు, నా చేతుల్లోంచి జారింది. నేలకి జానెడు ఎత్తులో ఉండగా ఒక జబ్బ చేతికి దొరికింది. అది ఏడవలేదు కూడా, ఆటనుకుంది. ఎవరికీ చెప్పలేదు. రేపు ఆ జబ్బ దొరక్కపోతే?

ఆస్పత్రిలో నర్సమ్మ పుస్తకం తిరగేసింది. "నెలంతా నూట ముప్పయ్యేనా తల్లీ? మా ఇంట్లో ఆగిపోయిన గడియారం కూడా ఇంత నిలకడగా ఉండదు."

ఏడుపొచ్చేసింది. పంచదార, అబద్ధపు అంకెలు, జారిన పాప, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "వణుకొచ్చినప్పుడు పంచదార తినడం తప్పు కాదు. నిన్ను నిలబెట్టింది అదే. అసలు వణుకెందుకొస్తోందో చూద్దాం. లేచిన దగ్గర్నించి ఏ గంటకి ఏం చేస్తావో చెప్పు" అంది.

చెప్పాను. మర్చిపోకుండా ఉంటుందని, ఏడింటికి అత్తయ్యకి బీపీ మాత్ర ఇచ్చేటప్పుడే నా షుగరు మాత్రా వేసుకుంటాను. తర్వాత టిఫిను చేసి ఆయనకి, అత్తయ్యకి పెట్టి, పాపకి తినిపించి, ఆయన బాక్సు సర్ది, పాపకి నీళ్లు పోసి, గిన్నెలు తోమి, పదింటికి మిగిలింది తింటాను.

"మాత్ర ఏడింటికి, తిండి పదింటికి. మధ్యలో షుగరు పడిపోతోంది, ఆ వణుకు అందుకే. వేసుకున్న అరగంటలో తినాలని డాక్టరు చెప్పలేదూ?"

"చెప్పారు. కానీ వాళ్లు తినకుండా నేనెలా తినను?"

నర్సమ్మ పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "దానికి నా దగ్గర మందు లేదు తల్లీ" అంది మెల్లగా.

దారంతా ఉపాయాలు వెతికాను. మాత్ర పదింటికి జరిపితే? అప్పటిదాకా ఖాళీ కడుపుతో, చంటిపిల్లతో, అంత పనీ. గూట్లో బిస్కెట్లు దాచుకుంటే? మళ్లీ తలుపు చాటున నమలడం. దాక్కుని తినేది ఏదైనా, దొంగతనంలాగే ఉంటుంది.

మర్నాడు అత్తయ్యకి మాత్ర ఇచ్చి, నాది పక్కన పెట్టాను. టిఫిను తయారవగానే మాత్ర వేసుకుని, కంచంలో వడ్డించుకుని, అందరూ కూర్చునే బల్ల దగ్గరే కూర్చున్నాను.

"వాడింకా స్నానమైనా చెయ్యలేదు" అన్నారు అత్తయ్య. నడివీధిలో బట్టల్లేకుండా కూర్చున్నట్టుంది నాకు. కంచం ఎత్తుకుని వంటింట్లోకి పోదామని కాళ్లు లేవబోయాయి కూడా.

ఆయన తుండుతో తల తుడుచుకుంటూ వచ్చి ఆగిపోయారు. "ఏంటి, మాకంటే ముందే?"

"కూర్చోండి. నేను తిన్నాక వడ్డిస్తాను."

సిగ్గు పోలేదు. ఆ సిగ్గుతోనే రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.