మంచం కింద బేసిన్

నీళ్ల దగ్గర సిద్దమ్మంత గట్టి మనిషి కంబదూరు చుట్టుపక్కల ఇంకొకరు లేరంటే ఎవరూ కాదనరు. అది రెండువేల రెండో సంవత్సరం. వానలు మొహం చాటేశాయి, బోర్లు దుమ్ము కక్కుతున్నాయి. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. సిద్దమ్మ ఇంట్లో ఒక్క చుక్కయినా ఒకే పని చేసి తప్పించుకుపోవడం ఎవరూ చూడలేదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితిలోకి పోవాల్సిందే. అన్నం దించిన పొయ్యిలో నిప్పులు ఆరకముందే స్నానాల నీళ్లు కాగాల్సిందే, కొత్తగా ఒక్క పుల్ల పెట్టనిచ్చేది కాదు. ఇక స్నానమంటారా, పెరట్లో నులక మంచం మీద కూర్చుని చేయాలి. మంచం కింద సత్తు బేసిన్ ఉంటుంది. నులక సందుల్లోంచి అందులోకి కారిన నీళ్లతో బట్టలు జాడించి, ఆ తర్వాత మునగచెట్టుకు పోసేది.

కొడుకు లక్ష్మీపతికి ఇదంతా పుట్టినప్పటి నుంచీ అలవాటే. కోడలు జయంతి అట్లా కాదు. కణేకల్లు వైపు కాలువ కింది పల్లెలో పుట్టి, బిందెలకు బిందెలు నెత్తిన కుమ్మరించుకున్న పిల్ల. పాపం, నోరెత్తకుండా మంచం మీద కూర్చునేది. సిద్దమ్మ లోలోపల మురిసిపోయేది. పైకి మాత్రం, "ఇంగొక చెంబు, అంతే" అనేది.

తంటా వచ్చింది జయంతిని పురిటికి పిలుచుకుపోయే రోజున. ఆమె తల్లి రామసుబ్బమ్మ చీరా గాజులూ పట్టుకుని వచ్చింది. బయల్దేరే ముందు పిల్లకు తలంటి పోయాలి కదా. సిద్దమ్మ రోజులాగే మంచం వాల్చి, దాని కిందికి బేసిన్ జరిపి, కోడలి నెత్తిన మొదటి చెంబు పోసింది. అంతే, రామసుబ్బమ్మ మొహం జేవురించింది.

"ఇదేంది వదినా! చూలాలికి నీళ్లు పోస్తా కింద బేసిన్ పెట్టి పట్టుకుంటారా? మేం బర్రెల మీద ఇంతకన్నా ఎక్కువ పోస్తాం."

"మీ బర్రెలకు కాలువుండాది. మాకు ట్యాంకరుండాది," అంది సిద్దమ్మ. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ నోరు ఆగుతుందా? "నీళ్లుండే ఇంటికే ఇచ్చుకోకపోయినావా నీ కూతుర్ని?" అని కూడా అనేసింది.

తడి జుట్టుతోనే జయంతి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంగ నా బిడ్డను ఈ గడప తొక్కనిస్తే చూడు!" అని రామసుబ్బమ్మ కూతుర్ని బస్సెక్కించింది.

ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. మూడో నెల దాటింది, ఐదో నెల కూడా దాటింది. పిలుచుకురావడానికి పోయిన లక్ష్మీపతి, పోయిన ప్రతిసారీ ఒక్కడే తిరిగొచ్చాడు. "ఎండలు తగ్గనీ అంటాండారమ్మా" అని తల దించుకునేవాడు. అవి ఎండలు కావని సిద్దమ్మకు తెలుసు. అన్నం సహించేది కాదు. మనవరాలి మొహం చూడకుండానే పోతానేమోనని భయం పట్టుకుంది.

శ్రావణంలో వస్తున్నారని కబురు అందింది. సిద్దమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. తను స్నానం మానేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ పెద్ద కాగు నిండా నీళ్లు కూడబెట్టింది. "పాడు బేసిన్! నీ వల్లే ఇంత రచ్చ అయింది" అని దాన్ని అటక మీద దాచేసింది. మంచాన్ని కొట్టంలో నిలబెట్టింది.

బిడ్డతో జయంతి, వెనకే రామసుబ్బమ్మ దిగారు. ఆ సాయంత్రం సిద్దమ్మ పెరట్లో పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద మనవరాలిని పడుకోబెట్టుకుని, వేణ్నీళ్లు ధారగా పోయసాగింది. నీళ్లు మట్టిలో గీత గీసుకుంటూ పారిపోతుంటే చూడలేక మొహం తిప్పుకుంది. అయినా చెంబు ఆపలేదు. వదిన చూస్తోంది మరి!

"ఆగత్తా, ఆగు!" జయంతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నీళ్లన్నీ నేలపాలు చేస్తాండావే! మంచం యాడ? బేసిన్ యాడ పెట్టినావు?"

సిద్దమ్మ బెదురుగా వియ్యపురాలి వంక చూసింది. "పోనీలే మే, పసిబిడ్డకు ఈ ఒక్క పొద్దన్నా..."

"బాగుండాది! మునగచెట్టు చూడు, ఆకంతా రాలిపోతాంది."

రామసుబ్బమ్మ నెత్తి కొట్టుకుంది. "విన్నావా వదినా? మా ఇంట్లోనూ ఇదే గోల. ఎదురుగ్గా కాలువ పారతాంటే, మంచం కింద బేసిన్ లేందే బిడ్డకు నీళ్లు పోయనీలేదు. వీధంతా నవ్వినారు. కొళాయి కారతాంటే నా చెల్లెలితో జగడం పెట్టుకునింది. ఎంత పంపగూడదనుకున్నా, అది మా ఇంట్లో కుదురుగా ఉంటే కదా! 'మా అత్త చూస్తే ఏమంటాదో' అంటాదమ్మా పొద్దస్తమానం. నీ కోడలితో నేను పడలేను తల్లీ, నువ్వే ఏలుకో."

సిద్దమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తన వల్ల దూరమైపోయిందనుకున్న పిల్ల, ఇన్నాళ్లూ తన ఇంటి పద్ధతిని కాలువ గట్టున కాపాడుకుంటూ వచ్చింది. ఒళ్లో తడిబిడ్డను గుండెకు హత్తుకుని, ఎవరు చూస్తే ఏంలే అనుకుని ఏడ్చేసింది.

సిద్దమ్మ చూపించగానే జయంతి స్టూలు వేసుకుని అటక మీంచి బేసిన్ దించింది, కొట్టంలోంచి మంచం తెచ్చి వాల్చింది, దాని కిందికి బేసిన్ జరిపి చేత్తో సరిచూసింది. బిడ్డను తీసుకుని సిద్దమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని చెంబు అందుకుంది.

"నీళ్లు యాడికీ పోవు గదా మే," అంది కోడలితో. "ఇంగొక రెండు చెంబులు ఎక్కువే పోస్తాలే."