బూడిద రంగు మరక

మురికి కనబడితే మిషనమ్మ చెయ్యి ఊరుకోదు. అదొక జబ్బు. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఆదివారం వచ్చిందంటే మిషను విప్పి, పళ్ళ మధ్య ఇరుక్కున్న దూది పోగుల్ని సూదితో ఏరి, నూనె చుక్కలు వేసి, మొహం కనబడేదాకా తుడవాల్సిందే. ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు కానీ, మిషనమ్మ ఇల్లెక్కడంటే నిన్నగాక మొన్న నడక నేర్చిన పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది.

అలాంటి మనిషి ఇంటికి ఒక కంప్యూటరు వచ్చింది. కొత్తది కాదు, ఎక్కడో ఆఫీసులో అరిగి అరిగి వచ్చింది. మనవరాలు ఇళ్ళ ప్లాన్లు గీసే చదువు చదువుతోంది. నెల తిరిగేలోపు రెండంతస్తుల ఇల్లొకటి తలుపులూ కిటికీలూ మెట్లతో సహా కంప్యూటరులో గీసి ఇవ్వాలి. కాలేజీలో ఒక్కో కంప్యూటరుకి ఎనిమిది మంది వరస. అందుకని రెండు సందుల అవతలున్న పెట్టెలాయన దగ్గర, ఉన్నవాటిలోకెల్లా చవకది చూసి కొన్నారు.

పాత కంప్యూటరు పెట్టెలు తెచ్చుకుని, బాగుచేసి అమ్ముకుంటాడు కాబట్టి ఆయన పెట్టెలాయన. మిషనమ్మ కంటే మూడేళ్ళు చిన్న. తనే మోసుకొచ్చి, కుట్టుమిషను పక్క బల్ల మీద పెట్టి, పక్క రేకు తీసి, పెళ్ళివారిని పరిచయం చేసినట్టు లోపలివాళ్ళని ఒక్కొక్కరినే మనవరాలికి పరిచయం చేశాడు.

"ఇదిగో, ఇది మదర్‌బోర్డు, ఇల్లనుకో. ఈ పచ్చపలక మెమరీ. నువ్వు పని పరుచుకునే బల్ల అన్నమాట. ప్రస్తుతానికి ఒకటే ఉంది, పక్కన ఖాళీ ఉంది, తర్వాత ఇంకోటి పెట్టుకోవచ్చు. ఈ బరువుది డిస్కు, మీ ఇంట్లో బీరువా లాంటిది. ఇక ఈ ఫ్యాను కింద ఉంటుంది ప్రాసెసరు. కనబడదు కానీ అందరిచేతా చాకిరీ చేయించేది అదే."

"మా అమ్మమ్మలాగా!" అంది మనవరాలు.

"నోర్ముయ్యవే," అంది మిషనమ్మ.

పెట్టెలాయన నవ్వి రేకు మూశాడు. "ఫ్యాను కాస్త కీచుమంటుందక్కా. వచ్చే వారం ఇటొచ్చినప్పుడు చుక్క నూనె వేస్తా. అందాకా ఎవరూ విప్పకండి."

"అమ్మమ్మా, విన్నావా? ఎవరూ అంటే నువ్వే."

"నాకేం పని దాంతో!"

రెండు రోజులు ఓర్చుకుంది. ఆ ఫ్యాను కీచుమన్నప్పుడల్లా ఆమెకు పళ్ళు పులిసినట్టుండేది. మూడోరోజు మనవరాలు కాలేజీకి వెళ్ళగానే ప్లగ్గు పీకి, మిషను స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చుంది. నలభై ఏళ్ళు మిషనుకి నూనె వేసిన చేతికి బోడి ఫ్యాను ఒక లెక్కా? నాలుగు స్క్రూలు తిప్పింది. ఫ్యానూ దాని కింది అల్యూమినియం దిమ్మా కలిసి ఒక్కసారిగా ఊడొచ్చాయి. కింద కోటు బొత్తామంత చదరపు చిప్పు. దాని నిండా బూడిద రంగులో జిడ్డు ముద్ద. దిమ్మ అడుగునా అదే.

"ఛీ, ఛీ! అమ్మేముందు ఇదైనా తుడుచుకోలేకపోయాడా!"

తెల్ల చొక్కా కత్తిరించగా మిగిలిన పీలిక తీసుకుని, అటూ ఇటూ నిగనిగలాడేదాకా తుడిచింది. ఫ్యాను మధ్య అంటించిన కాగితం ఎత్తి ఒక్క చుక్క నూనె వదిలింది. ఎక్కడివక్కడ బిగించి స్విచ్చి వేస్తే ఫ్యాను పిల్లి నడిచినట్టు తిరిగింది. ఆ పూటంతా మిషనమ్మకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

సాయంత్రం మనవరాలు కూర్చుని గోడలు గీయడం మొదలుపెట్టింది. పది నిమిషాలకు తెర నల్లబడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పదే నిమిషాలు. గీసిన గోడలన్నీ గాల్లో కలిసిపోయాయి.

మర్నాడు పొద్దున్నే కబురందుకుని పెట్టెలాయన వచ్చాడు. "ఎవరైనా విప్పారా?" అని అడిగాడు.

మనవరాలు అమ్మమ్మ వైపు చూసింది.

"నేనా? నాకేం తెలుసు తల్లీ దాని సంగతి!" ఆ మాట ఆలోచించేలోపే జారిపోయింది. అబద్ధమని కూడా అనిపించలేదు. తను చెడగొట్టిందా ఏమైనా? శుభ్రం చేసింది.

"వేడెక్కుతోందేమో తాతా?" అంది మనవరాలు.

"అక్కడ చూడక్కర్లేదమ్మా. ఫ్యాను తిరుగుతోంది. అదిగో, వాడకంలో సర్దుకున్నట్టుంది, కీచుమనడం కూడా మానేసింది. పేస్టు మొన్న మంగళవారం నా చేత్తో నేనే వేశా."

"ఏం పేస్టు?" అంది మిషనమ్మ, దారం ఎక్కించడం ఆపి.

"చిప్పుకీ ఆ దిమ్మకీ మధ్య వేస్తామక్కా. బూడిద రంగులో జిడ్డులా ఉంటుంది. చిప్పు వేడిని దిమ్మకి అందించేది అదే. అది లేకపోతే లోపల కుతకుత ఉడికిపోయి, దానంతటదే ఆగిపోతుంది."

మిషనమ్మకి సూది బెజ్జం కనబడటం మానేసింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పడానికి ఎంతసేపు? కానీ ఇప్పుడే కదా నాకేం తెలుసని గొంతెత్తి అంది. పైగా నలభై ఏళ్ళలో తన చేతిలో ఒక్క మిషను కూడా పాడవలేదని వీధంతా చెప్పుకున్న మనిషి. మనవరాలి ముందు ఎలా ఒప్పుకోవడం? ఆయనే చూసుకుంటాడులే, ఇంకాసేపటికి ఫ్యాను విప్పి చూస్తాడులే, అనుకుంది. తేలు కుట్టిన దొంగలా దారం కొస తడుపుతూ కూర్చుంది.

ఆయన ఫ్యాను విప్పలేదు. తన చేతి మీద అంత నమ్మకం. మెమరీ పలక తీసి, దాని బంగారు రంగు పళ్ళని బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. పది నిమిషాలకు ఆగిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, జేబులోంచి రెండు పలకలు తీశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కోదాని మీద చీమల్లాంటి అక్షరాలు చదివి, రెండూ ఒకే జాతివని తేల్చుకుని, రెండు కొసలా టక్కుమని చప్పుడొచ్చేదాకా నొక్కాడు.

"ముందున్నదానికి రెండింతలమ్మా ఇది. ఉంచేసుకో. నా సరుకు సతాయిస్తుంటే నీ దగ్గరేం అడగను?"

అదీ ఆగిపోయింది. రెండ్రోజులాగి కరెంటు డబ్బా మార్చాడు. ఆ తర్వాత బరువు డిస్కు తీసేసి, పేకముక్కంత కొత్తరకం డిస్కు బిగించాడు. దాంతో కంప్యూటరు కళ్ళు మూసి తెరిచేలోపు లేచి కూర్చునేది. లేచినంత చురుగ్గానూ పడుకునేది. ఆయన ఒక్కో వస్తువు తెచ్చి బిగిస్తుంటే మిషనమ్మకి ఎవరో తన ఒంట్లో ఒక్కో స్క్రూ దించుతున్నట్టుండేది. టీ ఇచ్చేది. రెండోసారి కూడా ఇచ్చేది. ఇన్ని టీలు ఎందుకక్కా అని ఆయనంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

మనవరాలికి ఇంకా పన్నెండు రోజులే మిగిలాయి. పిల్లకి ఓపిక నశించింది. "చేతకాకపోతే చెప్పెయ్యండి తాతా. వేరేవాళ్ళకి చూపించుకుంటాం. మీ వయసుకి కళ్ళూ చేతులూ సరిగ్గా పనిచెయ్యవు, మా ప్రాణాలు తీస్తారెందుకు?"

"ఏమే, పెద్దాయనతో ఆ మాటలేంటి!" అని గదిమింది మిషనమ్మ. గదిమాక తనకే సిగ్గేసింది.

పెట్టెలాయన ఒకసారి పెట్టెలోకి చూసి, ఇక మిగిలింది ఇదొక్కటేగా అన్నట్టు ఫ్యాను విప్పాడు.

కింద చిప్పు అద్దంలా ఉంది. ఒక్క చుక్క పేస్టు లేదు.

ఆయన దాని మీద వేలు పెట్టి రాసి, వేలు చూసుకున్నాడు. "వెయ్యలేదు," అన్నాడు. "వేశాననే అనుకున్నానక్కా. మంగళవారం, టీ తాగి వచ్చి... వేసినట్టు కళ్ళకి కనబడుతోంది. వెయ్యలేదు."

సంచిలోంచి గొట్టం తీసి కందిగింజంత పేస్టు చిప్పు మధ్య పెట్టి, దిమ్మ బిగించాడు. పది నిమిషాలయింది. గంటయింది. మనవరాలు గోడలు గీస్తూనే ఉంది. ఆయన లేచి, రెండు చేతులూ జోడించాడు.

"మన్నించండక్కా. నా మతిమరుపుకి పిల్లని ఏడిపించా."

మిషనమ్మ నోరు తెరిచింది. "అయ్యో, దానికేముంది తమ్ముడూ," అంది. నోట్లోంచి వచ్చింది అదొక్కటే.

ఆ తర్వాత ఇంట్లో అంతా సుఖమే. కంప్యూటరు గుర్రంలా పరిగెత్తింది. "అమ్మమ్మా, కాలేజీలో కూడా ఇంత మంచిది లేదు తెలుసా!" అని మనవరాలు రోజుకి నాలుగుసార్లన్నా అనేది. అన్నప్పుడల్లా మిషనమ్మ మిషను ఇంకా గట్టిగా తొక్కేది. ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టింది. తీసుకెళ్ళినావిడ తిరిగొచ్చి, "మా ఆయనకి కుడిచెయ్యి కూడా ఉంది మిషనమ్మా," అంది.

పీలికల సంచిలో చెయ్యి పెడితే ఆ తెల్ల పీలికే పైకొచ్చేది. పారేద్దామని తీసి, మళ్ళీ లోపల పెట్టేది. ఒకసారి సబ్బు పెట్టి ఉతికింది. ఆ బూడిద రంగు మరక ఇంకా వెడల్పయింది తప్ప పోలేదు.

గడువుకి మూడు రోజుల ముందే ఇల్లు పూర్తిచేసిన మనవరాలు, మౌసు కొనుక్కుందామని పెట్టెలాయన కొట్టుకి వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

"తాత ఇక రిపేర్లు చెయ్యడట అమ్మమ్మా. కొట్లో ఫోన్ల కవర్లు వేలాడదీస్తున్నారు. వాళ్ళమ్మాయి చెప్పింది, పేస్టు వెయ్యడమే మర్చిపోయాక ఇక నా చెయ్యి నేను నమ్మను అన్నాడట. స్క్రూడ్రైవర్లన్నీ మూటకట్టేశాడట." చెప్పులు విప్పుతూ, "పాపం," అని కూడా అంది.

మిషనమ్మ పీలిక చేతిలో పట్టుకుని, కుట్టులో ఉన్న గౌను మిషను కిందే వదిలేసి, బయల్దేరింది.

కొట్లో ఆయన గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. వెనక పనిబల్ల మీది దీపం ఆర్పేసి ఉంది. కూతురు నిచ్చెనెక్కి కవర్లు తగిలిస్తోంది.

"రండక్కా. ఫోన్ కవరు కావాలా?"

"నాకు ఫోనే లేదు. ఇదిగో, ఇది చూడు." పీలిక గల్లా మీద పరిచింది. "నువ్వు పేస్టు వేశావు తమ్ముడూ. మంగళవారం వేశావు. మూడోరోజున ఫ్యానుకి నూనె వేద్దామని విప్పి, మురికనుకుని నేను తుడిచేశాను."

ఆయన నవ్వాడు. "నా బాధ చూడలేక అబద్ధమాడుతున్నారు."

"అబద్ధం అప్పుడాడాను. విప్పారా అని అడిగినప్పుడు."

ఆయన పీలిక ఎత్తి మరక వైపు చూశాడు. వాసన చూశాడు. బొటనవేలితో గీరాడు. వెనక్కి వెళ్ళి గొట్టం తెచ్చి, పక్కనే చుక్క పెట్టి, రెండు రంగులూ పోల్చాడు. నిచ్చెన మీద కూతురు కవరు చేత్తో పట్టుకునే ఉండిపోయింది.

"అంటే, నేను పేస్టు ఏంటో చెప్పినప్పుడే మీకు తెలుసు."

"తెలుసు."

"మెమరీ మార్చినప్పుడు?"

"తెలుసు."

"నేను చేతులు జోడించి మన్నించమన్నప్పుడు?"

మిషనమ్మ తల ఊపింది.

"పెట్టె పోతే పోయిందక్కా. వస్తువులు పోతే పోయాయి." ఆయన గొంతు పైకి లేచింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు లేవడం ఎవరూ వినలేదు. "పొద్దున లేచి స్టవ్వు ఆర్పానా లేదా అని మూడుసార్లు చూసుకుంటున్నా. ఇంటికి తాళం వేసి సగం దారిలోంచి వెనక్కి వెళ్తున్నా. ఇన్నాళ్ళు! చెప్పడానికి ఎంతసేపమ్మా?"

"నువ్వేసిన వస్తువులన్నీ విప్పి తీసుకెళ్ళు తమ్ముడూ."

"ఎందుకు, పీకితే మళ్ళీ మీరు తుడవడానికా?"

నిచ్చెన మీద కూతురు కిసుక్కుమంది. ఆయన నవ్వలేదు. మిషనమ్మ తలెత్తలేదు.

"పిల్లకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"చెప్పండి. చేతకాదంది నన్ను. అది చేతకాకపోవడం కాదని దానికి తెలియాలి. మీరు చెప్పాలి, నేను కాదు."

ఇంటికొచ్చేదాకా రెండు సందులూ నాలుగు మైళ్ళయ్యాయి. మనవరాలు తెర మీద మేడమెట్లు చూసి మురిసిపోతోంది. మిషనమ్మ నిలబడే, ఊపిరి తీసుకోకుండా, మొత్తం చెప్పేసింది. పిల్ల తెర ఆపేసి, ఇందాక విప్పిన చెప్పులే మళ్ళీ వేసుకుంది.

"నేనన్న మాటలున్నాయిగా అమ్మమ్మా. పద."

వాళ్ళు వెళ్ళేసరికి పనిబల్ల దీపం వెలుగుతోంది. ఆయన ఎవరిదో పెట్టె ముందు వంగి ఉన్నాడు. పీలికని దీపం తీగకి ముడేసి వేలాడదీశాడు. వాళ్ళు వచ్చింది తెలుసు, తల మాత్రం ఎత్తలేదు. "తాతా, తప్పయింది," అంది మనవరాలు. "ఊఁ," అన్నాడు. కూర్చోమని అనలేదు. పొమ్మనీ అనలేదు.

స్క్రూ పట్టుకున్న వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. అదీ తన వల్లేనేమో అనుకుంది మిషనమ్మ. కానీ ఆలోచిస్తే, మొదటిరోజు పెట్టె లోపలివాళ్ళని పరిచయం చేసినప్పుడు కూడా ఆ వేళ్ళు అలాగే వణికాయి. ఆ వణుకు ఎప్పట్నుంచో ఉన్నదే. స్క్రూ తిన్నగా గాడిలోకి దిగి, బిగుసుకుంది. ఆయన ఆగి, ఇంకోసారి తిప్పి చూశాడు. మళ్ళీ ఇంకోసారి.

మిషనమ్మ ఆ మూడోసారి తిప్పడాన్ని చూస్తూ అక్కడే నిలబడింది.