కర్ణాకర్ వంతు

కుడి భుజానికి రెండు, ఎడమ భుజానికి రెండు నడుం బెల్టులు వేసుకుని, నాలుగు హెల్మెట్లు మోచేతికి తగిలించుకుని కర్ణాకర్ చెరువుకట్ట మీద నడుస్తున్నాడు. అడుగు పడినప్పుడల్లా బెల్టుల ఇనుప కొక్కేలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. పొద్దుటి నుంచి ఇది ఏడో తిరుగుడు.

సిద్దిపేటకు పది కిలోమీటర్ల అవతల వెలసిన ఆ సాహస కేంద్రంలో చెప్పుకోదగ్గ ఆట ఒక్కటే. చెరువుకు ఈ గట్టున ఇనుప బురుజు, ఆ గట్టున చెక్క అరుగు, రెంటి మధ్యా నీళ్ల మీదుగా తీగ. జనం నడుముకు బెల్టు కట్టుకుని, తీగకు వేలాడుతూ, కేకలు పెడుతూ ఒక్క నిమిషంలో ఆవలికి జారిపోతారు. దిగాక వాళ్లకు జీపు ఉంటుంది. వాళ్లు విప్పి పడేసిన బెల్టులను మాత్రం కట్ట చుట్టూ కిలోమీటరుకు పైగా మోసుకొచ్చి, డెబ్బై రెండు మెట్లెక్కి మళ్లీ బురుజు పైన పెట్టాలి. జీపులో బెల్టులు కూడా పెడితే సరిపోతుంది కదా అని మూడేళ్లలో ఎవరికీ తోచలేదు. కర్ణాకర్ ఉండగా తోచవలసిన అవసరమేముంది?

అతనికి యాభై మూడేళ్లు. పాతికేళ్లు మార్కెట్ యార్డులో హమాలీగా బస్తాలు మోసి, నడుం మొరాయించాక ఇందులో చేరాడు. మెడ ఎడమ వైపుకు కాస్త ఒరిగి ఉంటుంది. బెల్టులు ఒరుసుకునే చోట భుజాల మీద తోలు నల్లగా కాయలు కాసింది. మడమల పగుళ్లలోకి కట్ట మీది ఎర్రమట్టి ఎక్కి, ఎంత రుద్దినా పోదు. మూడేళ్లలో వేల మందిని ఆవలి గట్టున దింపుకున్నాడు గాని, తాను ఒక్కసారీ తీగ ఎక్కలేదు.

ఈరోజు ఎక్కుతాడు. సైట్ ఇన్‌చార్జి శ్రీకాంత్ స్వయంగా మాట ఇచ్చాడు. సాయంత్రం అయిదింటికి, అందరూ అయిపోయాక, ఆఖరి వంతు కర్ణాకర్‌దే.

తీగ మీద చెప్పులు కుదరవంటే సిద్దిపేట పాత బస్టాండు దగ్గర తెల్ల క్యాన్వాస్ బూట్లు కొన్నాడు. ఇంట్లో బీడీలు చుట్టుకుంటున్న భార్య ప్రసూన నవ్వింది.

"గీ వయసుల బూట్లేందయ్యా, బడికి పోతవా?"

"బడికి గాదు, గాలిల పోత," అన్నాడు. అవి మాసిపోతాయని తొడుక్కోకుండా కవరులోనే తెచ్చి, బురుజు కింద మొదటి మెట్టు పక్కన పెట్టుకున్నాడు.

పొద్దున్నే శ్రీకాంత్ ఫారం ఇచ్చాడు. తీగ ఎక్కే ప్రతివాడూ సంతకం పెట్టాల్సిందే. నా ఇష్టంతోనే ఎక్కుతున్నాను, ఏం జరిగినా కేంద్రానికి బాధ్యత లేదు అని అందులో ఉంటుంది.

"గుండె జబ్బులు, ఛాతీనొప్పి ఉన్నోళ్లకు తీగ బంద్. నీకేం లేదు కదా?"

నాలుగు రోజులుగా మెట్లెక్కితే ఛాతీ మీద బస్తా వేసినట్టుంటోంది. అది చెబితే వంతు పోతుంది.

"నాకేముంటది సార్? రాయి లెక్కున్న."

లేదు అన్న చోట టిక్కు పెట్టి, అయిదో తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో పేరు పూర్తిగా రాశాడు.

ఆ రోజు వచ్చినవాళ్లు హైదరాబాద్‌లోని ఏదో కంపెనీ ఉద్యోగులు. మనసులు అలిసిపోయాయని కంపెనీయే పంపింది. వాళ్ల వెంట వచ్చిన మైత్రి అనే శిక్షకురాలు మైకులో చెబుతోంది. భయాన్ని ఒక్క నిమిషం ఎదురుగా చూస్తే చాలట. దిగులు తగ్గుతుందట, నిద్ర పడుతుందట, మనసులోని బరువంతా ఈ గట్టునే వదిలేసి పోవచ్చట. నాలుగు బెల్టులతో మెట్లెక్కుతున్న కర్ణాకర్ ఆ మాటలు శ్రద్ధగా విన్నాడు. తనకూ బరువులున్నాయి మరి.

ఆమె చెప్పింది అబద్ధమేం కాదు. సాత్విక అనే అమ్మాయి బురుజు పైన వణికిపోయింది. ఆవలి గట్టున దిగి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చి, తర్వాత పకపకా నవ్వింది. బెల్టు విప్పుతున్న కర్ణాకర్ చేతులు పట్టుకుంది.

"అంకుల్, ఆరు నెలలైంది నేను ఇట్ల ఊపిరి పీల్చుకుని. మీరు గూడ ఒక్కసారి పోవాలె."

"ఇయ్యాల పోతున్న బిడ్డా," అన్నాడు. ఆ మూడు మాటలకే అతనికి ఊపిరి చాలలేదు. ఆ అమ్మాయి జీపెక్కి చెయ్యి ఊపింది.

పద్నాలుగో తిరుగుడులో ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. కట్ట మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఎవరైనా చూస్తారేమోనని, ఆగినప్పుడల్లా కొక్కేలు సర్దుతున్నట్టు నటించాడు. ఇంకో గంట ఎట్లాగో ఈడిస్తే చాలు, తన వంతు వచ్చేస్తుంది.

అయిదింటికి చిట్టచివరి బెల్టుతో బురుజెక్కాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. పైన మైత్రి నిలబడి ఉంది. పొద్దున తీసిన వీడియో బాగా రాలేదట. ఇంకోసారి వెళ్లాలట. అప్పటికే గాలి పెరుగుతోంది, ఇంకొక్కరికి మించి వీలు కాదు.

శ్రీకాంత్ కర్ణాకర్ చేతిలోని బెల్టు తీసుకుని ఆమెకు ఇచ్చాడు.

"రేపు పోదువు తీయ్ కర్ణాకర్. తీగ ఏడికి పోతది?"

"మంచిది సార్," అన్నాడు కర్ణాకర్. పాతికేళ్ల హమాలీ నోటికి అలవాటైన మాట అదొక్కటే. మైత్రి రెండు చేతులూ చాచి నీళ్ల మీదుగా వెళ్లిపోవడం చూశాడు. తర్వాత ఆ బెల్టు తేవడానికి మెట్లు దిగాడు. స్టోరుకు తాళం పడాలంటే బెల్టులన్నీ లెక్కకు రావాలి మరి.

ఆవల బెల్టు తీసుకున్నాడు గాని భుజం లేవలేదు. అందుకని దాన్ని నడుముకే కట్టుకున్నాడు. కొక్కేలు ముందు వేలాడుతుంటే కట్ట మీద సగం దూరం నడిచి, ఒక రాయి మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి తీగ పూర్తిగా కనిపిస్తుంది. దాని వైపే చూస్తూ పక్కకు ఒరిగాడు.

తాళం వేయడానికి ఆలస్యమవుతోందని తిట్టుకుంటూ బైకు మీద వచ్చిన శ్రీకాంత్, ముందు హారన్ కొట్టాడు. తర్వాత దిగి భుజం కుదిపాడు. దవాఖానలో డాక్టరు నాడి చూసి, గుండెపోటు, ప్రాణం పోయి చాలాసేపైందని చెప్పాడు.

శ్రీకాంత్ వరండాలోకి వచ్చి ఓనరుకు ఫోన్ చేశాడు. పనిలో చచ్చిపోతే నష్టపరిహారం మనమే కట్టాలని ఓనరు కేకలేశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఫారం మీద సంతకం ఉన్నదా?"

"ఉన్నది సార్, పొద్దుగాలనే పెట్టిండు. ఒంటి మీద బెల్టు గూడ ఉన్నది."

"మరింకేంది? సోకుకు తీగ ఎక్కిండు, జబ్బు దాచిండు అని రాయి."

ప్రసూన వేళ్లకు పొగాకు పొడితోనే ఆటోలో వచ్చింది. మొగుడి పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని శ్రీకాంత్‌ను అడిగింది.

"సారూ, తీగ మీద పోయిండా?"

శ్రీకాంత్ ఒక్క క్షణం గోడ వైపు చూశాడు.

"పోయిండమ్మా. శాన సంబరపడ్డడు. దిగినంకనే గిట్లయింది."

"పోనీ," అంది ప్రసూన. ఏడుపు మధ్యనే ఆమె మొహం కాస్త తేటపడింది. "గదొక్కటన్న తీరింది. నిద్రల గూడ గదే ముచ్చట సారూ." ఓనరు చెప్పినట్టే రాసిన కాగితం మీద శ్రీకాంత్ చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది.

బురుజు కింద, మొదటి మెట్టు పక్కన, కవరులో తెల్ల క్యాన్వాస్ బూట్లు అలాగే ఉన్నాయి. దుకాణంవాడు ముందువైపు కుక్కిన కాగితం ఇంకా లోపలే ఉంది, అడుగున కట్ట మీది ఎర్రమట్టి రవ్వంతైనా అంటలేదు.