బడిలో పేరు

కోడలి పేరూ అత్త పేరూ ఒకటే అయితే మొగుడికి పెద్ద చిక్కు. పెళ్లాన్ని పేరు పెట్టి విసుక్కుంటే తల్లిని విసుక్కున్నట్టే. అందుకని పెళ్లిలోనే పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో కొత్త పేరు రాయించారు. మద్రాసు పురసవాక్కంలో అత్తవారింట అడుగుపెట్టేసరికి కస్తూరి కాస్తా మృణాళిని అయిపోయింది.

ఇంటివరకే కదా అని తండ్రి వెంకటాచలం ఒప్పుకున్నాడు. కస్తూరి అన్నది చనిపోయిన ఆయన తల్లి పేరు. కూతురు ఆ పేరుతో బడిలో పాఠాలు చెబుతుంటే ఆయనకు అదో గర్వం. మొన్న బడికి వెళ్లి ఆ పేరు చెబితే, అట్లాంటి టీచరమ్మ ఎవరూ లేరన్నాడు వాచ్‌మన్. ఈలోగా బయటికొచ్చిన కూతురు తలొంచుకుంది.

"అత్తయ్య పట్టుబట్టింది నాయనా. గెజెట్‌లో మార్పించేసినాం."

పచ్చి అబద్ధం. బడిలో పేరు మార్చమని ఆమెను ఎవరూ అడగలేదు. కస్తూరి అంటే ముసలమ్మ పేరులా ఉందనీ, మృణాళిని అంటే ఎంత నాజూగ్గా ఉందోననీ తోటి టీచర్లు అన్నారు. ఆ మురిపెం కోసం తానే వెళ్లి సంతకాలు పెట్టింది.

ఆదివారం వెంకటాచలం కొత్తవాల్ చావడి మార్కెట్టు నుంచి అరటిపళ్లు పట్టుకుని ట్రాములో వచ్చాడు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, వియ్యపురాలి ముందు చేతులు జోడించాడు. కాఫీ తెస్తున్న కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"వదినమ్మా, ఇంట్లో మీ ఇష్టం. బడిలో మాత్రం మా అమ్మ పేరు ఉండనీండి. తప్పుగా అనుకోబాకండి."

అత్త కస్తూరమ్మ తెల్లబోయింది.

"నేనెందుకు వద్దంటానన్నా? అది నా పేరు గూడా గదా! పెళ్లయినాక నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లే లేరు. పిల్లకాయలు కస్తూరి టీచర్ అంటుంటారు, ఆడన్నా ఆ పేరు ఉండనీమ్మా అని నేనే చెప్తిని. నీ కూతురు వింటేనా?"

కూతురు సిగ్గుతో చచ్చిపోయింది. నేల చూపులతోనే వచ్చి కాఫీ గ్లాసు చాచింది. నాయన తిట్టినా బాగుండును, చెంప పగలగొట్టినా బాగుండును అనిపించింది.

ఆయన కూతురి ముఖం చూడకుండానే గ్లాసు అందుకుని, చల్లారిన కాఫీ అంతా తాగాడు. వియ్యపురాలికి దణ్ణం పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. పెళ్లయిననాటి నుంచీ ఆయన కూతుర్ని కొత్త పేరుతో ఒక్కసారైనా పిలిచింది లేదు.

"పొయ్యొస్తానమ్మా మృణాళినీ," అన్నాడు.