అద్దానికి అంటించని ట్యాగు

వరదరాజులు ఇంట్లో దువ్వెన తప్ప తక్కిన వస్తువులన్నీ అందరివీ. సౌకార్‌పేటలో నాలుగు తరాలుగా స్టీలు సామాన్ల హోల్‌సేలు వ్యాపారం చేస్తున్న కుటుంబం. గొడుగు కొనేది ఒకరు, వేసుకుపోయేది ఇంకొకరు. కారు టోల్ ట్యాగు సంగతీ అంతే. ముందు అద్దానికి లోపలి వైపు అంటించమని కవరు మీద బొమ్మ వేసి మరీ చెప్పినా పెద్దాయన వినలేదు. అద్దానికి తిరునామం ఉంది, అది చాలు, బంక మరక పడితే పోదు అని వాదించి, దాన్ని ఎవరిదో పెళ్లిపత్రిక అట్టముక్కకు అంటించి డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. అది అక్కడి నుంచే పనిచేసేది. కారు దగ్గరికి రాగానే గేటు లేచేది, డబ్బు కట్టయినట్టు కూతురు వాసంతి ఫోనుకు మెసేజి వచ్చేది. సాగుతున్న బండికి ఎవరు మాత్రం అడ్డుపడతారు?

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు వాసంతి పురసవాక్కంలో కంటి ఆసుపత్రి మెట్లు దిగుతోంది. చేతిలో తండ్రి రిపోర్టు ఉంది. బుధవారం పరీక్ష చేయించారు, ఫలితం ఇప్పుడిచ్చారు. ఎదురుగా ఉన్నది తప్ప పక్కలు కనిపించవని, ఆ ఎదురుదీ మసకేనని డాక్టరమ్మ చెప్పింది. కాగితం మడుస్తూ, "ఈయన ఇంకా కారు నడుపుతున్నాడా? ఎలా నడుపుతున్నాడమ్మా?" అని అడిగింది.

మెట్ల మీదే ఆమెకు ఇవాళ ఏ రోజో గుర్తొచ్చింది. శుక్రవారం. బడి వదలగానే తన ఏడేళ్ల కూతురు అనఘను తాత కారులో ఎక్కించుకుని రెడ్ హిల్స్ అవతలి అమ్మవారి గుడికి తీసుకుపోయే రోజు. రెండు వీధులు పరుగెత్తి బడికి చేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ తాతా మనవరాలూ వెళ్లి ఇరవై నిమిషాలైందన్నాడు. తండ్రికి ఫోన్ చేస్తే తల్లి అలివేలుమంగ ఎత్తింది.

"ఫోను ఈడనే చార్జీలో పెట్టి మరిచిపోయినాడే. గుడికే గదా పోయింది, ఎందుకట్ట రొప్పుతా ఉండావు?"

రిపోర్టు సంగతి తల్లికి చెప్పకుండానే వాసంతి ఫోన్ పెట్టేసింది. రెడ్ హిల్స్ వైపు టాక్సీ మాట్లాడుకుని ఎక్కబోతుంటే ఫోన్ టింగుమంది. తండ్రి కారు నంబరు. వానగరం టోల్, మూడూ నలభై రెండు.

వానగరమా? అది ఊరికి ఇంకో పక్క. ఆ దారిన పోతే చెంగల్పట్టులో మేనత్త ఇల్లు తప్ప ఏమీ లేదు. తండ్రి ఎప్పుడూ పోయే దారి కాదు. అయినా మెసేజి అబద్ధం చెబుతుందా? బైపాసు మీద లారీలు దూసుకొచ్చే చోట, పక్కలు కనిపించని మనిషి, పక్కన తన బిడ్డ. ఆమె ఎక్కి టాక్సీని చెంగల్పట్టు దారికి తిప్పించింది. దారిలో తమ్ముడు విఘ్నేష్‌కు ఫోన్ చేసింది.

"రేయ్, నాయన పాపను ఎక్కించుకుని వానగరం దాటినాడు. ఆయనకు కళ్లు కనపడవు రా! నువ్వు యాడుండావు?"

"వానగరమా? నేనూ ఇప్పుడే దాటినా అక్కా, చెంగల్పట్టు పార్టీ దగ్గర సరుకు డబ్బులు వసూలుకు పోతా ఉండా. నాకు కనపళ్లేదే. సెరి, నువ్వు బయపడొద్దు, చూసుకుంటా పోతా."

ఆ తరువాతి గంట ఎలా గడిచిందో వాసంతినే అడగాలి. రోడ్డు పక్కన గుంపు కనబడితే కళ్లు మూసుకునేది, గుంపు దాటాక తెరిచేది. తెల్ల కారు ప్రతిదీ తండ్రిదే అనిపించేది. మొక్కని దేవుడు లేడు. ఫోను వెలిగినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది, చూస్తే ఏ చీరల కొట్టు ప్రకటనో. తాంబరం దాటాక అసలుది వచ్చింది. పరనూరు టోల్, నాలుగూ నలభై.

బతికే ఉన్నారు! ఆమె ఫోనును గుండెకు అదుముకుని బిగ్గరగా ఏడ్చింది. డ్రైవరు అద్దంలో చూసి, ఏమీ అడగకుండా నీళ్ల సీసా అందించాడు. అంతలోనే విఘ్నేష్ ఫోన్.

"పరనూరు దాటేసినా అక్కా. ముందూ లేడు, వెనకా లేడు."

"ఎప్పుడు దాటినావు?"

"ఇప్పుడే. నాలుగూ నలభై అయ్యుంటుంది."

వాసంతి మెసేజిలో టైము మళ్లీ చూసింది. "రేయ్... నీ కారులో ఏ ట్యాగుంది?"

విఘ్నేష్ కారును పక్కకు తీసి ఆపాడు.

"నాయనదే అక్కా. నాది కేవైసీ లేదని బ్లాక్ చేసినారు. పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు అట్టముక్క తీసకొచ్చేసినా. సాయంత్రానికి పెట్టేస్తా గదా అని..."

గంట సేపు ఆమె ప్రాణమంతా పెట్టి పట్టుకున్న తాడు అవతలి కొస తమ్ముడి చేతిలో ఉంది. వాణ్ణి తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. ముప్ఫై కిలోమీటర్లు తప్పుదారిన వచ్చింది. తండ్రి ఎక్కడున్నాడో, బిడ్డ ఎలా ఉందో చెప్పే దిక్కు ఇక లేదు. టాక్సీ మళ్లీ వెనక్కి తిరిగింది.

అయిదుంబావుకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక ఆడగొంతు తమిళంలో మాట్లాడింది. పేరు జెబ, రెడ్ హిల్స్ దాటాక ఉండే టోల్‌లో పనిచేస్తుందట. తెల్ల కారొకటి ఆగకుండా వచ్చి గేటును గుద్దింది. అద్దం పగిలింది. పెద్దాయన నుదుటి మీద చిన్న గాయం, పాపకు ఏమీ కాలేదు. పెద్దాయనకు ఏ నంబరూ గుర్తులేదు. పాపకు అమ్మ నంబరు నోటికి వచ్చు, కానీ ముప్పావు గంట నుంచి ఎంత అడిగినా చెప్పలేదు. ఇప్పుడే చెప్పింది.

వాసంతి చేరేసరికి ఆరున్నర దాటింది. దారి పొడుగునా తిట్లు కూడగట్టుకుంటూ వచ్చింది. ఎవరి మీద పోయాలో కూడా లెక్క వేసుకుంది. టోల్ ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో వరదరాజులు కూర్చుని ఉన్నాడు. నుదుటికి ప్లాస్టరు, చొక్కా మడతల్లో గాజుపొడి. అనఘ పరుగెత్తుకొచ్చి తల్లి నడుము పట్టుకుంది.

"అమ్మా, తాతను తిట్టొద్దు. తప్పు నాదే."

"నీదేందే?"

"గేటు ఎప్పుడూ లేస్తుంది గదా. అందుకని మనం దగ్గరికి వచ్చేటప్పుడే పోలాం, పో తాతా అని చెప్పేసినా. ఈ రోజు అది లేవలా."

వాసంతికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నువ్వు చెప్పడమేంది?"

"రోజూ నేనే గదా చెప్పేది. ఎర్ర లైటు అని, పక్కన బస్సు వస్తా ఉంది అని. ఎండకాలం లీవుల నుంచీ నేనే. తాతకు కనపడదు గదా. నీతో చెప్పనని ఒట్టేసినా."

రోజూ. బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి కొట్టుకు. ఈ ఒక్క మధ్యాహ్నానికే ఆమె చచ్చి బతికింది. డాష్‌బోర్డు మీద అట్టముక్క లేదన్న సంగతి కూడా ఎదుట కూర్చున్న మనిషికి తెలియలేదు. అది ఉండుంటే ఇవాళా గేటు లేచేది, రేపూ లేచేది, ఏ లారీ కిందో పడేదాకా ఎవరికీ తెలిసేది కాదు. కూడగట్టుకొచ్చిన తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. భయం తీరాక వచ్చే కోపం కూడా రాలేదు. ఏడుపొక్కటే వచ్చింది.

"నీ తప్పు కాదు తల్లీ," అన్నాడు వరదరాజులు. ఆయన గొంతు ఇంత చిన్నగా ఉండటం వాసంతి ఎన్నడూ వినలేదు. "తప్పంతా నాది. బండి వదిలేస్తే కొట్టుకు కూడా రావద్దంటారని బయపడినా. నేనేమో పెద్దోణ్ణి, నీ చేత మొయ్యరానిది మోయించినా."

అంటూ మనవరాలి తల నిమరడానికి చెయ్యి చాచాడు. చెయ్యి పాప తలకు జానెడు అవతల గాలిలో తడుముకుంది. అనఘ తల్లిని వదలకుండానే పక్కకు జరిగి, ఆ చేతి కిందికి తన తల తెచ్చి పెట్టింది.