నీరుగంటి పేరు

టీ గిన్నె సగమే నింపాలి. నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మన్నట్టు లెక్క. అలా సగం సగం పోస్తూ, ఒక్కొక్కరికి ఏడెనిమిది సార్లు అందిస్తూ, తను తాగాల్సింది చల్లారిపోయాక తాగే మనిషిని కోడలు అంటారు. ఆ పొద్దున నా కుడిచేతిలో కెటిల్, ఎడమ మోకాలి కింద ఫోన్ ఉన్నాయి. ఫోన్‌లో ఒక దరఖాస్తు తెరిచి ఉంది. మామయ్యకి పోసి ఒక గడి, మా ఆయన మిర్లాన్‌కి పోసి ఇంకో గడి నింపుతున్నాను. "ఏంటా ఫోను, సాల్కిన్? పొయ్యి మీద పాలు చూడు" అన్నాడు మిర్లాన్. పొయ్యికి నాకంటే అతనే దగ్గరగా కూర్చున్నాడు. లేచి వెళ్ళి చూశాను. పాలు ఇంకా పొంగలేదు.

నేను నారిన్ పట్నంలో న్యాయశాస్త్రం మూడో ఏడు చదువుతున్నాను. చదువు మాన్పించకూడదని మా అమ్మ వాళ్ళు పెళ్ళికి ముందే మాట తీసుకున్నారు, దాన్ని అత్తింటివాళ్ళు నిలబెట్టుకున్నారు కూడా. కాకపోతే చదవడానికి టైం ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. మా టీచర్ జాన్యల్ మార్చిలో నన్ను పిలిచి, ప్రజాసేవ, నీతి అనే విషయం మీద విద్యార్థులకి వేసవి ఫెలోషిప్ ఉందనీ, ఎంపికైతే ఎనిమిది వారాలు ఏదో ఒక ఊరి సభ కార్యాలయంలో కూర్చుని అక్కడి పని నేర్చుకుంటూ, జనం ఫిర్యాదులు వింటూ, తప్పొప్పుల గురించి రాయాలనీ చెప్పింది. నేను నెలలు లెక్కపెట్టుకున్నాను. జూన్, జూలై. సరిగ్గా మేం గుర్రాల్ని తోలుకుని కొండ మీదకి మేతకి వెళ్ళే నెలలు. అక్కడ రెండు గంటలకోసారి గుర్రాల పాలు పితకాలి, ఒక మోకాలు నేల మీద ఆన్చి, రెండో మోకాలి మీద బకెట్ పెట్టుకుని. పోయిన ఏడాది పదకొండు గుర్రాలు. పితికిన పాలు తోలు సంచీలో పోసి చిలకాలి, రొట్టె కాల్చాలి, వచ్చేపోయేవాళ్ళకి వండాలి. దాన్ని మిర్లాన్ తన స్నేహితులతో "సెలవులకి వెళ్తున్నాం" అంటాడు.

దరఖాస్తులో ఒకే ఒక పెద్ద ప్రశ్న ఉంది. జనం పని చేసే ఎవరైనా, సులువైన దారిని వదిలి సరైన దారి పట్టడం మీకు తెలుసా, ఆ మనిషి పేరు, హోదాతో సహా రాయండి అని. నాకు వెంటనే అత్తమ్మ గుర్తొచ్చింది.

కాగితాల మీద మా ఊరి కాలువ నీళ్ళు వంతులేసి పంచే నీరుగంటి మామయ్య. పదకొండేళ్ళు. ఎండాకాలమంతా ఆయన గుర్రాలతో కొండ మీద ఉండేవాడు, పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీద తిరిగింది అత్తమ్మ. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి మడికి ఎంతసేపో, ఎవరు ఎవరి గట్టుకి గండి కొట్టారో అన్నీ ఆమె నాలుక చివర ఉండేవి. వానల్లేని ఒక ఏడాది ఆమె సొంత అన్నే వచ్చి, ఆలుగడ్డ ఎండిపోతోంది చెల్లీ, ఒక్క గంట ఇటు వదులు అని బతిమాలాడు. ఆ గంట ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక రష్యన్ ముసలావిడ వంతు. ఆవిడ తరఫున అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అత్తమ్మ వదల్లేదు. అన్న మూడేళ్ళు మాట్లాడలేదు. తండ్రి సంవత్సరీకానికి పిలవలేదు. ఇదంతా ఆమె ఒకరోజు పిండి వత్తుతూ, ఏదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఏడవలేదా అపా?" అని అడిగాను. మాలో కోడలు అత్తని అపా అనీ, మామని అతా అనీ పిలుస్తుంది. "ఎందుకేడవలేదూ! ముందు నీళ్ళు పారించి, తర్వాత ఏడ్చాను" అంది.

అంతా రాశాను గానీ పేరు దగ్గర చిక్కుపడ్డాను. మాలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. పేర్లే కాదు, ఆ పేర్లలో ఉన్న మాటలు కూడా నోట రాకూడదు. అన్నకీ అత్తమ్మకీ మధ్య పుట్టిన ముగ్గురూ పోతే, ఈ పిల్లయినా ఆగాలని "ఆగు" అన్న మాట కలిపి పేరు పెట్టారు. దాంతో ఈ రెండేళ్ళుగా నేను ఎవర్నీ, దేన్నీ ఆగమనలేను. మినీబస్సులో "అన్నా, కాస్త ఇక్కడ నన్ను దించి పుణ్యం కట్టుకో" అని ముగించేలోపు మా సందు దాటిపోతుంది. కొన్నిసార్లు కిలోమీటరు వెనక్కి నడిచాను. ఫారంలో కూడా పేరు గడిలో "నా భర్త తల్లి" అని రాసి, వ్యాసంలో ఆమె నీళ్ళని "పడుకోబెట్టింది" అని రాసి పంపేశాను.

మర్నాడే జవాబొచ్చింది. బంధుత్వం పేరు కాదు, రేపు మధ్యాహ్నంలోపు నీరుగంటి పూర్తి పేరు, ఫోన్ నంబరు పంపండి, మేం స్వయంగా మాట్లాడతాం, అన్నట్టు నీళ్ళని పడుకోబెట్టడం అంటే ఏమిటి అని.

ఇక దాచి లాభం లేదు. సాయంత్రం టీ దగ్గర చెప్పేశాను.

"జూన్‌లోనా? మరి గుర్రాల పాలెవరు పితుకుతారు, నీ నీతిశాస్త్రమా?" అన్నాడు మిర్లాన్.

మామయ్య మాత్రం కోప్పడలేదు. మీసం దువ్వుకున్నాడు. "నీరుగంటి గురించి అడిగారా? అది నేనే కదా. నా పేరు రాయి."

"మీ పేరు కూడా నేను రాయకూడదు కదా, అతా."

"నేనే అనుమతిస్తున్నా కదమ్మా. పట్నంవాళ్ళతో నేను మాట్లాడతా. నిన్ను పంపే బాధ్యత కూడా నాదే. ఏరా మిర్లాన్, ఎనిమిది వారాలకి కొంప మునగదులే."

మిర్లాన్ ఖాళీ గిన్నె నా వైపు జరిపాడు. ఎంత సులువు! మార్చి నుంచీ దేనికోసం భయపడుతున్నానో, అది ఒక్క పేరుతో చేతికొస్తోంది. పైగా రికార్డులన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి, ఎవరూ పట్టుకోలేరు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఖాళీ గిన్నెలు పోగుచేసి లోపలికి తీసుకెళ్ళింది. వెనకే వెళ్ళాను.

"రాసెయ్ కోడలా" అంది నీళ్ళ చప్పుడు మధ్య. "పదకొండేళ్ళు వంతుల పుస్తకంలో నేనూ ఆయన పేరే రాశా. ఆయన సంతకమే పెట్టా. నా చెయ్యేం అరిగిపోలేదు."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలీలేదు. మామయ్య చెడ్డవాడు కాదు, అబద్ధం చెబుతున్నానని కూడా ఆయన అనుకోవడం లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. ఆయన నిజంగానే తను నీరుగంటి అనుకుంటున్నాడు. రేపు మిర్లాన్ కూడా గుర్రాల పాలు తనే పితికాననుకుంటాడు. నీతి గురించి నేర్చుకోవడానికి వెళ్తూ, గడప దగ్గరే ఈ ముసలమ్మ పదకొండేళ్ళ కష్టం ఇంకొకరికి రాసిచ్చి వెళ్ళనా? వెళ్ళలేకపోతే పోనీ, కొండ మీద పాలు పితుకుతాను గానీ, ఈ పని నావల్ల కాదు. ఫోన్ తీసి అక్కడే, పొయ్యి పక్కన నిలబడి, ఒక్కొక్క అక్షరం కొట్టి పంపేశాను. నోటితో కూడా అనకపోతే దొంగతనంలా ఉంటుందనిపించింది.

"అపా, తోక్తోబూబూ అని రాశాను."

ఆమె కడుగుతున్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది. "నోరు కాలదూ నీకు?" అంది. నేను తల వంచుకున్నాను. ఆ గిన్నె బోర్లించి మెల్లిగా అడిగింది, "అక్షరాలు సరిగ్గా రాశావా? పాస్‌పోర్టులో చివర రెండూ దీర్ఘాలే."

"రాశానపా."

"ఊఁ" అంది. ఆయనతో చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

ఫోన్ మర్నాడు భోజనాల వేళ వచ్చింది. ఇంట్లో అత్తమ్మకంటూ ఫోన్ లేదు కనక మామయ్య నంబరే ఇచ్చాను. ఆయన గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. అవతల ఒక ఆడగొంతు, "నమస్కారం. తోక్తోబూబూ గారితో మాట్లాడొచ్చా?" అంది.

"ఎవరూ?" అన్నాడు మామయ్య. మళ్ళీ చెప్పిందావిడ. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన ఆమెని "ముసలీ" అనే పిలిచాడు, పెళ్ళయిన కొత్తలో కూడా. "అలాంటివాళ్ళెవరూ లేరమ్మా ఇక్కడ. రాంగ్ నంబర్" అంటూ ఫోన్ పెట్టేయబోయాడు.

అత్తమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. పిండి చేతులతోనే ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఉన్నాను" అంది. "నేనే తోక్తోబూబూని. చెప్పండి."

ఆవిడ అడిగింది, ఈమె చెప్పింది. కాలువ పొడుగు, మడుల లెక్క, ఎండిన ఏడాది, అన్న, ఆ గంట. పది నిమిషాల పైన. నీళ్ళని పడుకోబెట్టడమేంటని అవతలావిడ అడిగితే, "ఆపడమండీ. మా కోడలికి ఆ మాట నోరు తిరగదు" అని నా వైపు చూసి నవ్వింది. మామయ్య ముందు మీసం దువ్వాడు, తర్వాత దువ్వడం మానేశాడు, తర్వాత రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, ఎవరో కొత్త మనిషి ఇంటికొచ్చి మాట్లాడుతున్నట్టు వింటూ కూర్చున్నాడు. చివరికి, "అవును, ఆ ముసలావిడ గంట. నాకూ గుర్తుంది" అని గొణిగాడు.

ఫోన్ పెట్టేసి అత్తమ్మ నేరుగా కొడుకు వైపు తిరిగింది. "రేపట్నుంచి పెందరాళే లే. గుర్రం పాలు పితకడం నేర్పిస్తా."

"నేనా?" అన్నాడు మిర్లాన్.

"నేను ఇంకా ఎంపిక కాలేదు కదపా" అని అతని తరఫున నేనే అన్నాను, భయంకొద్దీ.

"వాళ్ళు నిన్ను తీసుకోకపోతే వాళ్ళ ఖర్మ" అంది తోక్తోబూబూ. "వీడు మాత్రం నేర్చుకోవాల్సిందే."