ఒకవైపే ఊదిన మేస్త్రి

నేను ఒక వాల్వుని. బొటనవేలంత ఉంటాను. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, లోపల చిన్న రబ్బరు బిళ్ల. ఒకవైపు నుంచి ఊదితే గాలిని పోనిస్తాను. రెండోవైపు నుంచి ఊదితే పోనివ్వను. నాకు వచ్చిన పని అదొక్కటే.

నన్ను అచ్చు పోసినవాళ్లు నా మొహం చూడలేదు. రోజుకు వేలల్లో పోస్తారు, ఎలా చూస్తారు? ఒక టర్బో కారులో బిగించారు. పెట్రోలు ట్యాంకులో ఆవిరి పుడుతుంది. బొగ్గు నింపిన ఒక డబ్బా దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజను ఆ ఆవిరిని గొట్టంలోంచి పీల్చుకుని కాల్చేస్తుంది. మామూలు ఇంజను పీల్చడమే గాని ఊదదు. గాలిని బలంగా లోపలికి తోసే టర్బో ఉన్న ఇంజను, వేగం అందుకుంటే వెనక్కి ఊదుతుంది. ఆ ఊపు బొగ్గు డబ్బా దాకా పోకుండా గొట్టం మధ్యలో నేను అడ్డం నిలబడతాను.

మూడేళ్లకు ఆ కారును వెనకనుంచి లారీ గుద్దింది. ఇంజను మిగిలింది. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డున్న ఖాసిం మేస్త్రి టర్బోని, దానితోపాటు గొట్టాలనీ నన్నూ కొనుక్కొచ్చాడు. టైల్స్ కొట్టు ఫణీంద్ర పాత కారుకి పెట్టడానికి. ఆ కారుకి టర్బో ఎందుకంటే, గుంటూరు రోడ్డులో బావమరిది ఆయన్ని దాటిపోయాడు. అంతకు మించి కారణం లేదు.

ఖాసిం నన్ను ప్యాంటుకి తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదాడు. ఒకవైపు నుంచే ఊదాడు. గాలి పోలేదు.

"బ్లాకైపోయింది సార్. ఇది లేకుండానే మీ బండి పన్నెండేళ్లు తిరిగింది" అన్నాడు.

"పారెయ్" అన్నాడు ఫణీంద్ర.

తుప్పు నట్లున్న డబ్బాలో పడ్డాను. నా చోట ఉత్త గొట్టం పెట్టారు. ముప్పై ఏళ్ల అనుభవం, ఒక్క ఊపిరితో తీర్పు.

వారం తర్వాత దసరా. షెడ్డు కడిగారు. స్పానర్లకు, జాకీకి పసుపు కుంకుమ పెట్టారు. నేనున్న డబ్బాకీ బొట్టు పెట్టారు, పనికిరాదన్నవాళ్లే. ఫణీంద్ర భార్య హైమావతితో కారులో వచ్చాడు. కొత్త టర్బోకి కూడా బొట్టు పెట్టి హారతి ఇవ్వాలని ఆయన పట్టుదల. బానెట్ ఎత్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హైమావతి పళ్లెంలో కర్పూరం పెట్టుకుని ఇంజను ముందుకొచ్చి, అగ్గిపుల్ల తీసి ఆగిపోయింది.

"ఏవండీ, పెట్రోలు వాసన."

"నాలుగు రోజులుగా ఇదే పాట. టర్బో బండి అంటే అలాగే ఉంటుంది. వెలిగించు."

"వెలిగించను."

"ముహూర్తం దాటిపోతోంది హైమా."

"దాటనీండి. మీ ముక్కుకి జలుబుంటే నా చేత ఇల్లు అంటింపజేస్తారా?"

"షెడ్డులో ఇల్లేంటే?"

"ఖాసిం గారూ, ఒక్కసారి వంగి చూడండి. ఆయన చూడరు."

ఆమె పళ్లెం పట్టుకుని గేటు దాకా నడిచింది. అగ్గిపెట్టె కూడా తీసుకెళ్లింది. మొగుడికి ఇచ్చి పోలేదు. ఆయన సంగతి ఆమెకు తెలుసు.

ఖాసిం వంగాడు. టర్బో ఊదిన ఊపుకి బొగ్గు డబ్బా దగ్గర గొట్టం ఊడిపోయి ఉంది. ఆవిరంతా బానెట్ కిందే తేలుతోంది. ఆ పుల్ల గీసి ఉంటే పళ్లెం పట్టిన చేతులు ముందు అంటుకునేవి. ఖాసిం గబుక్కున వెనక్కి జరిగాడు.

"సార్, బండి ముట్టుకోకండి" అన్నాడు. డబ్బా నేలమీద బోర్లించి నన్ను వెతికాడు. నోట్లో పెట్టుకుని ఊదాడు. పోలేదు. తిప్పి రెండోవైపు నుంచి ఊదాడు. పోయింది.

"తప్పు నాదమ్మా" అన్నాడు గేటు వైపు తిరిగి.

నన్ను నా చోట బిగించి, బండి ఆరుబయటికి తోసి, వాసన పోయేదాకా ఆగారు. అప్పుడు కూడా హైమావతి గేటు దగ్గరే నిలబడి, అక్కణ్ణుంచే హారతి ఇచ్చింది. మధ్య పది అడుగులు.

తర్వాత తొమ్మిదేళ్లు నేను పనిచేశాను. చెత్త డబ్బాలోంచి లేచి తొమ్మిదేళ్లు పనిచేసే భాగ్యం ఎన్నింటికి దొరుకుతుంది? ఆ భాగ్యం నాకు హైమావతి పెట్టిన భిక్ష. ఆమె నన్ను ఎన్నడూ చూడలేదు.

నిరుడు వేసవిలో ఆమె గుండె ఆగి పోయింది. ఈ ఏడు నా రబ్బరు బిళ్ల గట్టిపడింది. ఖాసిం రెండువైపులా ఊది చూసి, కొత్తదాన్ని బిగించాడు. పాతదాన్ని ఫణీంద్ర అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు నేనుండేది హైమావతి కర్పూరం డబ్బాలో.

మొన్న దసరాకి ఆయన ఒక్కడే షెడ్డుకి వచ్చాడు. బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి చాలాసేపు వాసన చూశాడు. ఆ తర్వాత డబ్బా, పళ్లెం పట్టుకుని గేటు వైపు నడిచాడు.

"వాసనేం లేదు సార్. ఇక్కడే ఇవ్వొచ్చు" అన్నాడు ఖాసిం.

"ఆవిడ అక్కణ్ణుంచే ఇచ్చింది."

డబ్బా మూత తీసి, నా పక్కనున్న కర్పూరం బిళ్ల తీసుకుని వెలిగించాడు. "మంచిపని చేశావే హైమా" అన్నాడు మంటకేసి చూస్తూ. బతికున్నన్నాళ్లూ ఆమె ఆయన పక్క సీట్లోనే కూర్చుంది. బానెట్ కింద నుంచి నేను వింటూనే ఉన్నాను. ఆ మాట ఒక్కనాడూ వినపడలేదు. అందుకు ఆయన్ని క్షమించను. హైమావతికి నా వంతు కృతజ్ఞతగా మాత్రం, ఆ పళ్లెం వెళ్లినచోటికల్లా ఈ డబ్బాలో నేనూ వెళ్తాను.